డేగ నుంచి ఉత్క్రోశం దాకా: విశాఖపట్నం, పోర్ట్ బ్లెయిర్‌ల మధ్య ఎంత దూరం, ఎంత సేపు?

మన విద్యాలయంలో చదువుకునే తెలుగు పిల్లల్లో చాలామందికి తాతముత్తాతల ఊళ్లు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లోనే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు 50 వేలకు పైగా ఉన్నారు. అంటే ఇక్కడ ఉన్న ప్రతి వందమందిలో పదముగ్గురు తెలుగువారే. వేసవి సెలవులు దగ్గరపడగానే తరగతిలో మొదట వినిపించే ప్రశ్న ‘ఊరికి ఎప్పుడు?’ అని. రెండోది ‘ఓడలోనా, విమానంలోనా?’ అని. మూడో ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఇంతకూ మన ఊరు ఇక్కడికి ఎంత దూరం?

గోడకు వేలాడే పటాల్లో కొన్నిటిలో మన దీవులను ఓ మూల పెట్టెలో బంధించి చూపిస్తారు. చోటు చాలక చేసిన పని అది. కానీ పెట్టెలో ఉన్న దీవికి, పెట్టె బయట ఉన్న విశాఖకు మధ్య స్కేలు పెట్టి కొలవడం కుదరదు. ఏటా ప్రయాణం చేస్తున్నా మనకు ఆ దూరం లెక్కగా తెలియకపోవడానికి అదొక కారణం. ఉద్యోగరీత్యా బదిలీల మీద ఊళ్లు తిరిగిన మాకు ప్రతి బదిలీ ఉత్తర్వూ నేర్పిన పాఠం ఒకటుంది: రెండు ఊళ్ల మధ్య దూరం ఒకటి కాదు, మూడు. పటం మీది దూరం ఒకటి, గడియారం చూపించే దూరం ఇంకొకటి, మనిషి నిజంగా పడే దూరం మరొకటి. విశాఖపట్నం, పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయాలను ఉదాహరణగా తీసుకుని ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా లెక్క కడదాం. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది. వాడుకలో అందరి నోటా ఉన్న పేరు కాబట్టి ఈ వ్యాసంలో పాత పేరే వాడుతున్నాము.

రెండు పక్షులు

ముందు ఒక భాషా విశేషం. ఈ రెండు విమానాశ్రయాలకూ ఒక పోలిక ఉంది. రెండూ నౌకాదళ వైమానిక స్థావరాలే. పౌర విమానాలు నౌకాదళంతో కలిసి ఒకే రన్‌వేను పంచుకుంటాయి. విశాఖపట్నంలోని స్థావరం పేరు ఐఎన్ఎస్ డేగ. పోర్ట్ బ్లెయిర్‌లోని స్థావరం పేరు ఐఎన్ఎస్ ఉత్క్రోశ్. డేగ అచ్చమైన తెలుగు మాట, మనందరికీ తెలిసిన పక్షి. ఉత్క్రోశం సంస్కృత పదం, నీటి ఒడ్డున చేపలను వేటాడే గద్ద జాతి పక్షికి పేరు. ఆ వరుసలోనే దక్షిణాన కాంప్‌బెల్ బేలో 2012లో ప్రారంభమైన స్థావరానికి ఐఎన్ఎస్ బాజ్ అని పేరు పెట్టారు. హిందీలో బాజ్ అన్నా వేట పక్షే. కాబట్టి విశాఖ నుంచి ఇక్కడికి వచ్చే విమానం డేగ గూటిలో లేచి ఉత్క్రోశం గూటిలో వాలుతుందన్నమాట.

పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయంలో ప్రయాణికులు వాడే భాగానికి వీర్ సావర్కర్ అంతర్జాతీయ విమానాశ్రయం అని పేరు. శంఖం ఆకారంలో కట్టిన దాని కొత్త టెర్మినల్‌ను 2023 జులై 18న ప్రారంభించారు.

మొదటి దూరం: పటం మీద

భూమి మీద ఏ చోటునైనా రెండు అంకెలతో గుర్తించవచ్చు. ఒకటి అక్షాంశం, రెండోది రేఖాంశం. విశాఖపట్నం విమానాశ్రయం 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం 11.64 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 92.73 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. అంటే విశాఖ నుంచి మనం 6.08 డిగ్రీలు దక్షిణానికీ, 9.51 డిగ్రీలు తూర్పుకూ ఉన్నాము.

ఇప్పుడు డిగ్రీలను కిలోమీటర్లుగా మార్చాలి. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. దాన్ని 360 డిగ్రీలతో భాగిస్తే ఒక డిగ్రీకి దాదాపు 111 కి.మీ. వస్తుంది. ఉత్తర దక్షిణాలుగా ఈ లెక్క ఎక్కడైనా సరిపోతుంది. 6.08ని 111తో గుణిస్తే 675 కి.మీ.

తూర్పు పడమరలుగా మాత్రం అలా చేయకూడదు. రేఖాంశాలు ఒలిచిన నారింజ తొనల అంచుల్లా ధ్రువాల దగ్గర కలుసుకుంటాయి. భూమధ్యరేఖ మీద ఒక డిగ్రీ రేఖాంశం వెడల్పు 111 కి.మీ. ఉంటే, ఉత్తరానికి పోయేకొద్దీ అది తగ్గిపోతుంది. ఎంత తగ్గుతుందో చెప్పేది అక్షాంశపు కోసైన్ విలువ. మన రెండు ఊళ్ల నడిమి అక్షాంశం 14.68 డిగ్రీలు. దాని కోసైన్ 0.967. కాబట్టి 9.51 ను 111తో, మళ్లీ 0.967తో గుణించాలి. 1,021 కి.మీ. వస్తుంది.

ఇక మిగిలింది పదో తరగతి పిల్లలందరికీ తెలిసిన లంబకోణ త్రిభుజమే. ఒక భుజం 675, ఇంకో భుజం 1,021. రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే కర్ణం 1,224 కి.మీ.

భూమి బల్లపరుపుగా లేదు, గుండ్రంగా ఉంది, మరి ఈ త్రిభుజం చెల్లుతుందా అని తెలివైన విద్యార్థి అడగాలి. గోళం మీద దూరం కొలిచే అసలు సూత్రం వేరే ఉంది. రెండు అక్షాంశాల సైన్‌లను గుణించాలి. రెండు అక్షాంశాల కోసైన్‌లను, రేఖాంశాల తేడా కోసైన్‌ను కలిపి గుణించాలి. ఈ రెండు లబ్ధాలనూ కూడితే వచ్చేది మన కోణం కోసైన్. అలా చేస్తే కోణం 11.02 డిగ్రీలు, దూరం 1,226 కి.మీ. అని తేలుతుంది. మన త్రిభుజం చేసిన తప్పు రెండంటే రెండు కిలోమీటర్లు. దూరం తక్కువగా ఉండి, భూమధ్యరేఖకు మరీ దూరం కాని చోట్ల త్రిభుజం బాగానే పనిచేస్తుంది. ఢిల్లీ నుంచి న్యూయార్క్‌కు మాత్రం ఇలా లెక్క వేస్తే తప్పు వేల కిలోమీటర్లలో ఉంటుంది.

లెక్కలంటే బెదిరే చిన్న తరగతుల పిల్లలకు ఇంకా తేలిక దారి ఉంది. 30 సెంటీమీటర్ల వ్యాసం గల గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే దాదాపు 425 కి.మీ. విశాఖ మీద, పోర్ట్ బ్లెయిర్ మీద వేళ్లు పెట్టి మధ్యలో దారాన్ని బిగించి పట్టుకుంటే మూడు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ వస్తుంది. బిగించిన దారం గోళం మీద తనంతట తానే అతి దగ్గర దారిని వెతుక్కుంటుంది.

ఇదే పద్ధతిలో లెక్కిస్తే పోర్ట్ బ్లెయిర్ నుంచి కోల్‌కతా సుమారు 1,305 కి.మీ., చెన్నై సుమారు 1,370 కి.మీ., హైదరాబాద్ సుమారు 1,660 కి.మీ. ఉంటాయి. మనకు ప్రయాణికుల ఓడలు నడిచే మూడు మెయిన్‌ల్యాండ్ రేవులు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం. ఈ మూడింటిలో గాలి దారిన మనకు అందరికంటే దగ్గర విశాఖే. ఇంకో వింత చూడండి. మయన్మార్‌లోని యాంగోన్ మనకు 690 కి.మీ., థాయిలాండ్‌లోని ఫుకెట్ 725 కి.మీ. దూరంలోనే ఉన్నాయి. పొరుగు దేశాలు మన సొంత రాష్ట్రాల కంటే దగ్గర.

విమానం నడిపేవాళ్లు ఈ దూరాన్ని కిలోమీటర్లలో చెప్పరు, నాటికల్ మైళ్లలో చెబుతారు. ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ. అక్షాంశంలో ఒక డిగ్రీకి 60 మినిట్లు ఉంటాయి కదా, అందులో ఒక మినిట్ దూరమే ఒక నాటికల్ మైలు. ఓడలవారి కాలం నుంచి వస్తున్న కొలత ఇది. ఆ లెక్కన విశాఖ 662 నాటికల్ మైళ్లు.

రెండో దూరం: గడియారంలో

ఈ దారిలో తిరిగే మధ్యరకం జెట్ విమానం పైకి చేరాక గంటకు సుమారు 830 కి.మీ. వేగంతో పోతుంది. 1,226 ను 830తో భాగిస్తే గంటా 29 నిమిషాలు. కానీ ఇలాంటి దూరానికి విమాన సంస్థల సమయ పట్టికలో రెండు గంటలో, ఆ పైనో రాసి ఉంటుంది. అరగంట ఎక్కడికి పోయింది?

పట్టికలో రాసేది గాలిలో ఉన్న కాలం కాదు. బయలుదేరే చోట చక్రాలకు అడ్డం పెట్టిన దిమ్మలు తీసిన క్షణం నుంచి, దిగిన చోట మళ్లీ దిమ్మలు పెట్టే క్షణం వరకు లెక్కిస్తారు. దాన్ని ముక్కలుగా విడదీసి చూద్దాం. రన్‌వే దాకా నేల మీద నడవడానికి 10 నిమిషాలు. పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కడానికి 20 నిమిషాలు. ఈ లోపు విమానం ముందుకు పోయేది దాదాపు 200 కి.మీ. దిగడం ఎక్కడం కంటే నిదానంగా జరుగుతుంది. దానికి 25 నిమిషాలు, 220 కి.మీ. పెట్టుకుందాం. దిగాక టెర్మినల్ చేరడానికి 5 నిమిషాలు. పైగా విమానాలు మన దారంలా తిన్నగా పోవు. గాలిలో ముందుగా నిర్ణయించిన దారులు, మలుపులు ఉంటాయి. వాటికి 50 కి.మీ. కలిపితే మొత్తం దారి 1,276. అందులోంచి ఎక్కడానికీ దిగడానికీ అయిన 420 తీసేస్తే పూర్తి వేగంతో పోయే దూరం 856 కి.మీ. మాత్రమే. దానికి 62 నిమిషాలు.

పది, ఇరవై, అరవై రెండు, ఇరవై అయిదు, అయిదు. మొత్తం 122 నిమిషాలు. అంటే రెండు గంటలా రెండు నిమిషాలు. మొత్తం మీద సగటు వేగం గంటకు 600 కి.మీ. చిల్లర. చెన్నై దూరానికి ఇదే లెక్క వేస్తే రెండు గంటలా 12 నిమిషాలు వస్తుంది. టికెట్ల మీద కనిపించే సమయం కూడా సుమారుగా అంతే. లెక్క సరిగ్గానే కుదిరిందని దాన్నిబట్టి తెలుస్తోంది.

భూమి తిరిగితే విమానానికి కలిసివస్తుందా?

ఈ పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, మరి పోర్ట్ బ్లెయిర్ నుంచి పడమరగా విశాఖకు పోతున్నప్పుడు విశాఖే మనకు ఎదురు రావాలి కదా అని. రాదు. భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది. విమానం ఆ గాలిలోనే ఈదుతోంది. పరుగెత్తే రైలు పెట్టెలో నిలబడి బంతిని పైకి ఎగరేస్తే అది మన చేతుల్లోనే పడుతుంది కానీ వెనక పెట్టెలో పడదు. ఇదీ అంతే.

తేడా తెచ్చేది భూమి కాదు, గాలి. నైరుతి రుతుపవనాల కాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మన తలల మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక పెద్ద గాలి ప్రవాహం వీస్తుంది. కింద నైరుతి గాలి వీస్తుంటే పైన దానికి ఎదురుగా ఈ తూర్పు గాలి. దీన్ని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అంటారు. దీన్ని గుర్తించి 1958లో పరిశోధన వ్యాసంగా ప్రపంచానికి వివరించిన శాస్త్రవేత్త మన తెలుగువారు, పంచేటి కోటేశ్వరం. ఆయన తరవాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. ఆ ప్రవాహం అన్నిటికంటే జోరుగా ఉండేది విమానాలు ఎగిరే ఎత్తుకు ఇంకా పైన, 14 నుంచి 16 కి.మీ. మధ్య. అయినా విమానాల ఎత్తులో కూడా దాని ప్రభావం తెలుస్తుంది. అందువల్ల వానాకాలంలో దీవుల నుంచి మెయిన్‌ల్యాండ్‌కు పోయే విమానానికి వెనక నుంచి తోపు దొరుకుతుంది. ఇక్కడికి వచ్చే విమానానికి ఎదురుగాలి తగులుతుంది.

ఎంత తేడా? గంటకు 50 కి.మీ. గాలి సరిగ్గా ఎదురుగా వీస్తే విమానం నేల మీది లెక్కన 780 వేగంతోనే పోతుంది. అదే గాలి వెనక నుంచి వీస్తే 880. మన 856 కి.మీ.కు ఒకవైపు 66 నిమిషాలు, ఇంకోవైపు 58 నిమిషాలు. పోను రాను తేడా ఎనిమిది నిమిషాలు. చలికాలంలో ఉత్తర భారతం మీద పడమటి జెట్ ప్రవాహం బలంగా ఉంటుంది కాబట్టి ఢిల్లీ నుంచి తూర్పుగా ఎగిరే విమానాలకు అప్పుడు వెనక నుంచి తోపు ఉంటుంది. విశాఖ, పోర్ట్ బ్లెయిర్ దానికి చాలా దక్షిణాన ఉన్నాయి.

ఇంకో సంగతి. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం. ఆ రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. సూర్యుడు ఒక డిగ్రీ దాటడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. కాబట్టి పోర్ట్ బ్లెయిర్‌లో సూర్యుడి లెక్క గడియారం కంటే 41 నిమిషాలు ముందుంటుంది. విశాఖలో మూడు నిమిషాలే. అందుకే ఇక్కడ తెల్లవారుజామున అయిదింటికే ఎండ కిటికీలోకి వస్తుంది, సాయంత్రం ఆటల పిరియడ్ అయ్యేలోపే చీకటి కమ్ముకుంటుంది. సూర్యాస్తమయ వేళ ఇక్కడి నుంచి పడమరగా ఎగిరితే సంధ్య వెలుగు మామూలు కంటే చాలాసేపు నిలుస్తుంది. విమానం సూర్యుడి వెంట పరుగెడుతుంది. కానీ ఈ అక్షాంశం దగ్గర సూర్యుడి వేగం గంటకు 1,600 కి.మీ.కు పైనే. అందుకోవడం విమానం వల్ల కాదు.

సముద్రం మీద సగం దారి

నేల మీద ఎగిరే విమానానికి ఏదైనా ఇబ్బంది వస్తే దారిలో ఏదో ఒక ఊళ్లో దిగవచ్చు. బంగాళాఖాతం మధ్యలో ఆ అవకాశం లేదు. అందుకే ఈ దారికి ప్రత్యేకమైన లెక్కలు ఉన్నాయి.

రెండు ఇంజన్ల విమానం, ఒక ఇంజన్ ఆగిపోయినా మిగిలిన దానితో 60 నిమిషాల్లో చేరగల విమానాశ్రయం అందుబాటులో ఉండేలా ఎగరాలన్నది చాలాకాలంగా ఉన్న నియమం. అంతకంటే దూరం పోవాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. మన దారికి సరిగ్గా మధ్య బిందువు రెండు వైపుల నుంచీ 613 కి.మీ. ఒక్క ఇంజన్‌తో కూడా గంటలోపు చేరగల దూరమే అది.

అయితే పైలట్ చూసేది దూరపు మధ్య బిందువు కాదు, కాలపు మధ్య బిందువు. ముందుకు పోయినా, వెనక్కు తిరిగినా ఒకే సమయం పట్టే చోటు అది. విశాఖ నుంచి వస్తున్న విమానానికి వెనక నుంచి 50 కి.మీ. గాలి ఉందనుకుందాం. ముందుకు 880, వెనక్కు తిరిగితే 780. మొత్తం దూరాన్ని వెనక్కు తిరిగే వేగంతో గుణించి, రెండు వేగాల మొత్తంతో భాగించాలి. 1,226 ను 780తో గుణించి 1,660తో భాగిస్తే 576 కి.మీ. వస్తుంది. అంటే సగం దారికి 37 కి.మీ. ముందే ఆ చోటు వచ్చేస్తుంది. అక్కడి నుంచి ఎటు పోయినా 44 నిమిషాలే. అది దాటాక ఏ ఇబ్బంది వచ్చినా వెనక్కు తిరగడం కంటే పోర్ట్ బ్లెయిర్‌కే రావడం మంచిది. కష్టంలో ఉన్న మనిషికి ఎటు అడుగు వేయాలో ముందే లెక్కగట్టి పెట్టుకోవడం ఎంత మేలో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఇంధనం లెక్క ఇంకా ముఖ్యం. విమానం చేరవలసిన చోటికి సరిపడా మాత్రమే ఇంధనం పోసుకుని బయలుదేరదు. అక్కడ దిగడం కుదరకపోతే ఇంకో విమానాశ్రయానికి పోవడానికి కావలసినది, ఆ పైన మరో 30 నిమిషాలు గాలిలో ఉండగలిగినది, దారిలో అనుకోని అవసరాలకు ఇంకొంత ఉండాలి. హైదరాబాద్‌కు పోయే విమానానికి ప్రత్యామ్నాయం సముద్రం దాటకుండానే దొరుకుతుంది. పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చే విమానానికి మెయిన్‌ల్యాండ్‌లోని ప్రత్యామ్నాయం అంటే మళ్లీ సముద్రం దాటడమే. మే మూడో వారం ప్రాంతంలో రుతుపవనాలు దేశంలో మొట్టమొదట తాకేది మన దీవులనే. మబ్బులు కొండల మీదికి దిగి రన్‌వే కనిపించనప్పుడు విమానం కాసేపు చుట్టూ తిరిగి, చివరకు వచ్చిన దారినే చెన్నైకో కోల్‌కతాకో తిరిగిపోవడం ఇక్కడివారు ఎరిగిందే. కిటికీలోంచి కింద మన జంగ్లీఘాట్ కనిపించినంత పనై, నాలుగు గంటల తరవాత మళ్లీ బయలుదేరిన చోటే దిగుతారు. దానికి విసుక్కోకూడదు. తిరిగిపోగలిగేంత ఇంధనం ఉండబట్టే అది సాధ్యమైంది.

మూడో దూరం: మనిషి పడేది

ఇప్పటిదాకా చెప్పినదంతా విశాఖకు నేరుగా విమానం ఉన్నప్పటి మాట. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా విమానాలు కొంతకాలం నడవడం, ఆగిపోవడం జరుగుతూ వచ్చింది. నేరు విమానం లేని రోజున చెన్నై మీదుగా పోవాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నై 1,370, చెన్నై నుంచి విశాఖ 620. మొత్తం 1,990 కి.మీ. తిన్నని దూరం కంటే 760 కి.మీ. ఎక్కువ. రెండు విమానాల్లో గడిపే సమయం దాదాపు మూడున్నర గంటలు. చెన్నైలో రెండో విమానం కోసం కూర్చునే గంటలు వేరు. అక్కడి నుంచి శ్రీకాకుళం వైపు బస్సు ప్రయాణం వేరు. పొద్దున్నే ఇంట్లో బయలుదేరినవాళ్లు రాత్రికి ఊరు చేరితే అదృష్టం. పటం మీద రెండు గంటల ఊరు మనిషికి ఒక రోజు దూరం అవుతుంది.

ఓడ అయితే 50 నుంచి 60 గంటలు. 1,226 ను 56తో భాగిస్తే గంటకు 22 కి.మీ. చొప్పున పడుతుంది. మంచి సైకిలు వేగం. విశాఖ ఓడ నెలకు ఒకసారి ఉంటే గొప్ప. కానీ టికెట్ ధర తక్కువ, సామాను ఎంతైనా తీసుకుపోవచ్చు. అందుకే హ్యాడో రేవులో విశాఖ ఓడ ఎక్కే వరుసలో ఇప్పటికీ పెద్ద కుటుంబాలు, మూటలు, పెట్టెలు కనిపిస్తాయి.

దీవుల లోపల చూస్తే ఈ తేడా ఇంకా పెద్దది. ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గరి శిబ్‌పూర్ వైమానిక స్థావరం పోర్ట్ బ్లెయిర్‌కు గాలి దారిన 180 కి.మీ. మాత్రమే. రోడ్డు మీద 300 కి.మీ. పైమాటే. జిర్కాటాంగ్ దగ్గర నిర్ణీత వేళల్లో మాత్రమే వదిలే వాహనాల వరుసలో జారవా అభయారణ్యం దాటి, మధ్యలో పడవ మీద వాహనాన్ని ఎక్కించి పోతే పది గంటలకు తక్కువ కాదు. డిగ్లీపూర్ పిల్లవాడికి పోర్ట్ బ్లెయిర్ కంటే, పోర్ట్ బ్లెయిర్ పిల్లవాడికి విశాఖ దగ్గర. దక్షిణాన కార్ నికోబార్ 277 కి.మీ., కాంప్‌బెల్ బే 530 కి.మీ. హెలికాప్టర్‌లో సీటు దొరికితే గంటల్లో పని. దొరకకపోతే ఓడలో కార్ నికోబార్‌కు ఒక రాత్రి, కాంప్‌బెల్ బేకు ఒక రోజుకు మించిన ప్రయాణం.

ఈ మూడో దూరం బరువు తెలిసేది సెలవుల్లో కాదు. ఊళ్లో పెద్దవాళ్లకు బాగాలేదని ఫోను వచ్చిన రాత్రి తెలుస్తుంది. పెద్ద వైద్యం కోసం రోగిని చెన్నైకి తీసుకుపోవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది. కౌన్సెలింగ్‌కు ఫలానా తేదీన స్వయంగా హాజరు కావాలని పిలుపు వచ్చినప్పుడు తెలుస్తుంది. తెలుగు ఇళ్లలో కడచూపు కోసం ఎవరి రాకకోసమైనా ఎంతసేపు ఎదురుచూస్తారో అందరికీ తెలుసు. శ్రీకాకుళంలో చీకటి పడ్డాక వార్త వస్తే, దీవుల్లో ఉన్న కొడుకు మర్నాడు పొద్దున విమానంలో సీటు దొరికి, చెన్నైలో రెండో విమానం అంది, వాన అడ్డుపడకుండా ఉంటేనే సాయంత్రానికి చేరగలడు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఫోనులోనే చూడాలి. నేరు విమానం ఉందా లేదా అన్నది ఇక్కడి తెలుగువారికి సుఖం సంగతి కాదు, అవసరం సంగతి.

ప్రయాణానికి ముందు

ఈ లెక్కల నుంచి మేము పిల్లలకు చెప్పేవి మూడు మాటలు. ఒకటి, మే నుంచి అక్టోబరు దాకా మెయిన్‌ల్యాండ్‌లో పరీక్షో ఇంటర్వ్యూనో ఉంటే, ముందు రోజు కాదు, కనీసం రెండు రోజుల ముందు చేరేలా టికెట్ తీసుకోవాలి. విమానం తిరిగిపోయినా ఒక రోజు చేతిలో ఉంటుంది. రెండు, చెన్నైలో విమానం మారేటప్పుడు రెండు ప్రయాణాలనూ వీలైతే ఒకే టికెట్ మీద తీసుకోవాలి. మొదటిది ఆలస్యమైతే రెండోదాని బాధ్యత సంస్థ మీద ఉంటుంది. విడివిడిగా కొంటే అది మన తలమీదే పడుతుంది. మూడు, ఎవరైనా ‘రెండు గంటల ప్రయాణమే కదా’ అంటే, ఏ రెండు గంటలు అని అడగాలి. గాలిలోవా, ఇంటి గడప నుంచి గడప దాకానా?

ఇక మీకు ఇంటిపని. మీ తాతగారి ఊరి అక్షాంశ రేఖాంశాలు అట్లాసులో చూడండి. పోర్ట్ బ్లెయిర్ నుంచి దాని దూరం పైన చెప్పిన త్రిభుజం పద్ధతిలో కట్టండి. తరవాత మీ ఇంట్లో కిందటిసారి ఊరికి వెళ్లినవారిని అడిగి, ఇక్కడ తలుపు తాళం వేసిన దగ్గర నుంచి అక్కడ అరుగు మీద చెప్పులు విడిచే దాకా ఎన్ని గంటలు పట్టిందో రాయండి. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి. వచ్చేది మీ కుటుంబం అసలు వేగం. తరగతిలో అందరి అంకెలూ బోర్డు మీద వరుసగా రాసి చూద్దాం. ఎవరి ఊరు నిజంగా దూరమో అప్పుడు తేలుతుంది.